అంచు సీటు

"ఏం భిక్షం, మా సాయిని నిన్నట్నుంచి అంచున కూర్చోబెడుతున్నావంట? ఈ ఫిల్మ్‌నగర్ వాలులో ఆటో ఒక్క కుదుపు కుదిపితే వాడు రోడ్డు మీదుంటాడు!"

స్కూలు ఆటోకి అడ్డంగా నిలబడి భువన కడిగేస్తోంది. అవతల తనని హైటెక్ సిటీకి తీసుకెళ్ళే ఆఫీసు క్యాబ్ హారన్ మీద హారన్ కొడుతోంది. ఆటోలో తొమ్మిదిమంది పిల్లలు ఊపిరాడకుండా ఇరుక్కుని ఉన్నారు.

"కోపం చేయకుండ్రి మేడం. నడుమ కూసోబెడ్త." భిక్షం వెనక్కి తిరిగాడు. "మనోజా, జర లేచి ముందుకు రా బిడ్డా."

రెండు జడల పిల్ల లేచి సాయికి చోటిచ్చింది. డ్రైవర్ సీటు అంచున సర్దుకుని కమ్మీ పట్టుకుంది. ఒక కాలు బయటే వేలాడుతోంది.

భువన ఊపిరి పీల్చుకుంది. అంతలోనే మనసు చివుక్కుమంది.

"అయ్యో, ఆ పిల్ల పడిపోదూ? వాళ్ళమ్మ చూస్తే ఊరుకుంటుందా?"

"ఊకోదు మేడం. గందుకే ఆమెకు చెప్పలే."

"ఎవరి పిల్ల?"

"నా బిడ్డనే. దినాం గీడనే కూసుంటది. జరమొచ్చి లేచిందని రెండు దినాలు నడుమ కూసోబెట్టిన."

ఆటో వాలులోకి దిగింది. నడుమనుంచి సాయి హాయిగా టాటా చెబుతున్నాడు. భువన చెయ్యి లేవలేదు. ఆమె కళ్ళు బయట ఊగుతున్న ఆ చిన్న బూటు మీదే ఉన్నాయి.