తెడ్డు చేతులు మారింది

“తెడ్డు మీ మావయ్య చేతికి ఇచ్చేశాం పిన్నిగారూ. ఇక మీ అమ్మగారికి విముక్తి!”

సవరణలమ్మ ఆ మాట అని, చప్పట్ల కోసం ఆగినట్టు ఆగింది. ఎదురు కుర్చీలో కూర్చున్న పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుంది.

పాత పుస్తకాల్లోంచి పాత బుద్ధులు ఏరిపారేయడం ఆ ప్రచురణాలయంలో సవరణలమ్మ పని. ఆఫీసులో ఆమెకు ఆ పేరు అందుకే పడింది. పుస్తకం చదివే తీరిక ఆమెకెక్కడిది? గరిటె, చీపురు, రోకలి, తెడ్డు అంటూ ఓ జాబితా రాసుకుంది. ఆడవాళ్ళ చేతిలో అవి కనబడిన చోటల్లా కంప్యూటర్ ఎర్రగీత గీస్తుంది. ఆమె వాటిని లాక్కుని దగ్గర్లో ఉన్న మగవాడికి అంటగడుతుంది. ఈ పుస్తకంలో తెడ్డొక్కటే అరవై మూడుసార్లు తగిలింది.

పెద్దావిడ తల్లి తన చిన్నతనం గురించి రాసుకున్న ఒకే ఒక్క పుస్తకమది. ఇది బడులకు చేరితే సవరణలమ్మ ఉద్యోగం ఖాయమవుతుంది. లోపలి పేజీలు పొద్దున్నే అచ్చయిపోయాయి, అట్ట ఒక్కటే మిగిలింది. హక్కులు ప్రచురణాలయానివే అయినా, మర్యాద కోసం కూతురిని పిలిచి చెబుతోంది.

“మావయ్యకా?” పెద్దావిడ ముందుకు వంగింది. “ఆయనకి అది ఎటునుంచి పట్టుకోవాలో కూడా తెలీదు తల్లీ!”

“తెలీదని వదిలెయ్యబట్టే ఆడవాళ్ళకీ ఖర్మ. నేర్చుకుంటాడు.”

“తెల్లారేసరికి వందమంది వచ్చి అమ్మ కోసం కాచుక్కూచునేవాళ్ళు. మావయ్య చేతిలో పెడితే అందరూ మునిగినట్టే!”

“మగాళ్ళంటే మరీ ఇంత చిన్నచూపా మీకు?”

“చిన్నచూపు కాదమ్మా. ఆ తెడ్డంటే అమ్మకి ప్రాణం. చేతులు కాయలు కాచినా ఇంకొకళ్ళకి ఇచ్చేది కాదు.”

సవరణలమ్మకు జాలేసింది. వందమందికి వండివార్చి, అదే గొప్పనుకుని పోయింది పాపం ఆ మహాతల్లి! కూతురూ అదే బాపతు. ఇలాంటివాళ్ళకు నచ్చజెప్పడం బ్రహ్మతరం కూడా కాదు.

“ఇదిగో వినండి,” అంటూ అచ్చయిన పేజీ తీసి చదివింది. “‘అన్నయ్య తెడ్డు అందుకున్నాడు. నేను చేతులు ముడుచుకుని హాయిగా కూర్చున్నాను.’ ఎంత బావుందో!”

“మా అమ్మ చేతులు ముడుచుకుని కూర్చుందా?” పెద్దావిడ కళ్ళనిండా నీళ్ళు. “ఈవిడెవరో నాకు తెలీదమ్మా. మా అమ్మని ఏం చేశారు?”

అప్పుడే బొమ్మలాయన అట్టబొమ్మ పట్టుకొచ్చాడు. పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివే చాదస్తం ఆ ఆఫీసులో ఇంకా ఆయనొక్కడికే మిగిలింది.

సవరణలమ్మ బొమ్మ అందుకుని మొహం చిట్లించింది. “ఇదేంటండీ, వంటిల్లేదీ?”

“ఏ వంటిల్లు?” అన్నాడాయన.

బొమ్మలో ఓ పిల్ల తెడ్డేస్తూ నిండు పడవను ఏరు దాటిస్తోంది.