నూట నలభై మూడు చుక్కలు

"మోన్ సిట్రన్‌కు మందు పంపేది లేదు. ఆ కొండ మీద మనుషులే లేరు," అంది నర్సు గెర్లాండ్, కంప్యూటర్ తెర మీంచి తలెత్తకుండానే.

సెంటిలుస్ భుజం మీది గోనెసంచిని జాగ్రత్తగా నేలకు దించాడు. "నాది ఆ కొండే, మిస్. లేకపోవడమేంటి? మా బావమరిది ఇప్పుడే కాలినడకన దిగొచ్చాడు. మంగళవారం నుంచి కలరాతో ఏడుగురు పోయారట. మా ఆవిడకీ వాంతులట."

"సోమవారమే అందరూ కొండ దిగారు. నూట నలభై మూడు మంది. రోగానికి భయపడి ఈ పట్నం చేరారు. అందుకే ఈ వైద్య డేరా ఇక్కడ వేశాం."

"సోమవారం దిగింది నేనొక్కణ్ణే!"

"నీకు నీ దారే కనిపిస్తుంది. ఈ యంత్రానికి దేశమంతా కనిపిస్తుంది."

"పోనీ, నాలుగు పెట్టెల సెలైనివ్వండి. నేనే మోసుకుపోతా."

"ఇస్తే సాయంత్రానికి సంతలో ఉంటాయి. నువ్వు బేరగాడివి, నాకు తెలీదా?"

"బేరగాణ్ణే, కాదనను. ఇవాళ బేరానికి రాలేదు, మిస్."

అతని గొంతు విని ఆమె మెత్తబడింది. తెరను అతని వైపు తిప్పింది.

"నువ్వే చూడు. ఒక్కో చుక్క మీ ఊరి మనిషి. ఎవరి ఫోన్ ఎక్కడుంటే వాళ్లక్కడ. నీ మాటే నిజమైతే, ఇంతమందిలో ఒక్కరైనా సాయం కోసం ఫోన్ చేసేవాళ్లు కాదా?"

సెంటిలుస్ చూశాడు. కొండ మీద ఒక్క చుక్కా లేదు. అన్నీ ఈ డేరా గుమ్మంలోనే చీమల్లా ముసురుకుని ఉన్నాయి.

అతను కిందకు వంగాడు. గోనెసంచి ముడి విప్పాడు. లోపల నిండా ఫోన్లు. ఒక్కోదానికీ పేరు రాసిన ప్లాస్టర్ ముక్క. అన్నిటికన్నా పైనున్నది అతని భార్యది.

"కొండ మీద కరెంటు లేదు, మిస్. ఊరందరివీ నేనే చార్జింగ్‌కు తెస్తా. ఇక్కడ రోజుకు రెండు గంటలే కరెంటు, నాలుగు రోజులు పట్టింది..." అన్నాడు సెంటిలుస్. "మీ లెక్క తప్పలేదమ్మా. నూట నలభై మూడూ దిగాయి. మనుషులే అక్కడ ఉండిపోయారు."