గుక్కకో ముద్ద

హైమవతి నాలుక మీద చిప్ ఉంది. ఆమె ఏది తిన్నా, తాగినా, ఆ రుచి వేలమంది ఖాతాదారుల నోళ్ళలోకి చేరుతుంది. వాళ్ళకిష్టం చెర్రీపళ్ళ వాసనేసే తేలికపాటి ఫ్రెంచి ఎర్ర వైన్. పొద్దుట్నుంచి ముప్ఫై గుక్కలు పుక్కిలించి ఉమ్మేసరికి ఆమెకు ఆ వాసనంటేనే విసుగొచ్చింది.

భోజనానికి కూర్చుని చిప్ ఆపడం మరిచిపోయింది. గోంగూరన్నం కళ్ళు మూసుకుని తింది. రోజు మొత్తంలో తన కోసం తినేది అదొక్కటే.

సూపర్‌వైజర్ ఫణి పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, చిప్ ఆపలేదు నువ్వు! వైన్ మీద అందరికీ గోంగూర తగిలింది."

ఉద్యోగం ఊడిందనుకుంది. "తప్పైపోయింది తమ్ముడూ."

"తప్పేంటి, ఎగబడుతున్నారు! రేపట్నుంచి గుక్కకో ముద్ద తినాలి."

"మరి నా కోసం ఏం తెచ్చుకోను?" అంటూ హైమవతి అన్నం డబ్బాకి మూత పెట్టేసింది.