నీలాయి పట్టిన పెద్ద పరిగె

ఒక చెరువు గట్టున, మట్టి బొరియలో నీలాయి అనే లకుముకి పిట్ట పెళ్లాంపిల్లలతో కాపురముండేవాడు. ఆ ఏడు చలి ఎముకలు కొరికేసింది. చేపలన్నీ అడుగుకు దిగిపోయాయి. నీలాయి రివ్వున దూకడం, ఖాళీ ముక్కుతో వణుక్కుంటూ లేవడం, ఇదే వరస. బొరియలో పిల్లలు ఆకలికి ఒకటే గోల.

బండ మీద రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకి నల్లమ్మ జాలిపడింది.

"అల్లుడూ, నేను అడుగుకు పోయి చేపల్ని పైకి తోలనా?"

"నా వేట నాకు తెలుసులే అత్తా!" అని నీలాయి మళ్లీ దూకాడు. మళ్లీ ఖాళీయే. పిల్లల ఏడుపు గట్టు దాటి వినబడేసరికి అతని బింకం కాస్తా సడలింది.

"అత్తా, కాస్త తోలిపెట్టవూ?" అన్నాడు మెల్లగా.

నల్లమ్మ బుడుంగున మునిగింది. కాసేపటికి, చలికి మొద్దుబారిన పెద్ద పరిగె చేప ఒకటి బద్ధకంగా పైకి తేలింది. నీలాయి ఒక్క దూకులో పట్టేశాడు. అబ్బో, అది తనంత బరువుంది! దాని తోకను నీళ్ల మీద ఈడ్చుకుంటూ ఎలాగో గట్టు చేరాడు.

తీరా చేస్తే చేప సగమే బొరియలో దూరింది. లోపల పెళ్లాం పింగళి లాగుతోంది, బయట నీలాయి తోస్తున్నాడు. కదిలితే ఒట్టు. లోపల పిల్లలు మాత్రం కిచకిచలాడుతూ తలవైపు నుంచి భోజనం మొదలెట్టేశాయి.

నీలాయికి నవ్వాగలేదు.

"అత్తా, తొందరగా రా! బయటున్న సగం నువ్వు తినేస్తే తప్ప నేను ఇంట్లోకి పోలేను!"