వెలుగు దూరని జుట్టు

ఇనపరాడ్డు మూడోసారి లేచింది. మెట్ల కింద చీకట్లో పడున్నది పై వాటా డ్రైవింగ్ మాస్టారు. రాడ్డు పట్టుకున్నది ఆయన బావమరిది. వెంట వచ్చిన గుంపులో ఒకడు డొక్కలో తన్నాడు. ఇంకొకడు హెల్మెట్‌తో మూతి మీద కొట్టాడు. పన్ను ఊడి గచ్చు మీద పడింది.

మాస్టారు పెళ్లాన్ని సుత్తితో కొట్టి చంపుతున్న వీడియో పొద్దున్నుంచి వీధిలో అందరి ఫోన్లలో తిరుగుతోంది. ఆమె మూడు రోజులుగా కనబడటం లేదు.

"అది నేను కాదురా! మీ అక్క అలిగి వెళ్లిపోయింది!" మాస్టారు నెత్తురు కక్కుతూ అరిచాడు.

కింది వాటా గ్రాఫిక్స్ ఆయన తలుపు తీశాడు. "మనకెందుకండీ" అని భార్య చొక్కా పట్టుకుని లాగినా ఆగలేదు. కంప్యూటర్లో తయారుచేసిన మనుషుల జుట్టుకు వెలుగునీడలు దిద్దడం పదేళ్లుగా ఆయన పని. ఆఫీసులో ఆయన్ని వెంట్రుకల డాక్టరంటారు.

"ఆగండి! ఆ వీడియో దొంగది. కంప్యూటర్లో చేశారు."

రాడ్డు ఆయన వైపు తిరిగింది. "నీకెలా తెలుసు?"

"జుట్టు చూసి."

ఎవరో నవ్వారు. కొండకు వెంట్రుక కట్టి లాగితే, వస్తే కొండ, పోతే వెంట్రుక అంటారు. ఆ సామెత కట్టినవాడి నెత్తిమీద ఇనపరాడ్డు లేదు మరి.

గ్రాఫిక్స్ ఆయన ఫోన్ టార్చి వెలిగించి బావమరిది తల వెనక పెట్టాడు.

"చూడండి. నల్లజుట్టే, అయినా అంచుల్లో ఎర్రగా మెరుస్తోందా? వెంట్రుకలోంచి వెలుగు దూరి వస్తుంది. ఒకదాని నీడ ఇంకోదాని మీద పడుతుంది. ఇప్పుడు వీడియో చూడండి. మాస్టారు తల వెనకే ట్యూబ్‌లైటు ఉంది. అంచు ఎర్రబడిందా? తారుముద్దలా ఉంది. పైన ప్లాస్టిక్ మెరుపొకటి. పని కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పే ఇది. మనిషి తలమీద ఇలాంటి జుట్టు మొలవదు."

ఫోన్లు చేతులు మారాయి. "అవున్రోయ్" అన్నారు ఒకరిద్దరు.

బావమరిది రాడ్డు కిందికి దించాడు. "అంటే... మా అక్క బతికే ఉందా సార్?"

"ఉంది బాబూ. వెళ్లి వెతుకు."

వాడు రాడ్డు పడేశాడు. "తప్పయిపోయింది బావా" అని మాస్టారి కాళ్లు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత అక్కను వెతకడానికి బస్టాండు వైపు పరిగెత్తాడు. గుంపు తలలు దించుకుని చెదిరిపోయింది.

గ్రాఫిక్స్ ఆయనకు కళ్లు చెమర్చాయి. చేతిలో ఉన్న విద్య ఒక ప్రాణం నిలబెట్టింది, ఇంతకంటే ఏం కావాలి? మాస్టారిని ఎత్తుకొచ్చి సోఫాలో పడుకోబెట్టి, తలుపు గడియ పెట్టాడు. భార్య వేడినీళ్లు తెచ్చింది.

"కదలకండి మాస్టారూ. నెత్తిమీద రక్తం తుడుస్తాను."

"వద్దు, వద్దు."

"నొప్పి పుట్టనివ్వనులెండి" అంటూ ఆయన తడిగుడ్డ అద్ది మెల్లగా లాగాడు. గుడ్డతోపాటు మాస్టారి జుట్టు మొత్తం ఒకే ముక్కగా ఊడి ఆయన చేతిలోకొచ్చింది. దీపానికి అడ్డంగా ఎత్తి చూశాడు, అంచు ఎర్రబడలేదు.