గుంత తవ్వే మనిషి

పొద్దున తొమ్మిదింటికి గేటు చప్పుడైంది.

తిరుమల్ మోతీ పక్క నుంచి లేచాడు. ఇంట్లో తమ్ముడిలా తిరిగిన ఆ కుక్కకి ఇవాళే ఆఖరి రోజు. ఇంటికొచ్చి, నొప్పి తెలీకుండా కన్నుమూయించే సూది వేసే డాక్టరు నంబరు ఆఫీసులో ఎవరో ఇచ్చారు. పదకొండు లోపల వస్తారని క్లినిక్‌లో ఫోనెత్తే ప్రిసిల్లా మేడమ్ చెప్పింది. గుంత తవ్వే మనిషిని తొమ్మిదింటికి పంపుతానని చిలకలగూడ సందు చివరి మేస్త్రీ మాటిచ్చాడు.

కళ్ళు తుడుచుకుని గేటు తీశాడు.

అరవై దాటిన మనిషి. నలిగిన చొక్కా, దుమ్ము కొట్టుకున్న చెప్పులు, భుజాన గుడ్డసంచి.

"నేను..." అన్నాడాయన.

"ఎరికే పెద్దమనిషీ. పెరట్ల, జామచెట్టు కింద. డాక్టరు ఇంకా రాలే. అందాక అరుగు మీద కూసో."

ఆయన కూర్చోలేదు. తలుపులోంచి లోపలికి చూశాడు.

హాల్లో కొత్త గ్రానైటు అద్దంలా మెరుస్తోంది. దాని మీద పదమూడేళ్ళ మోతీ, వెనక కాళ్ళు చెరో పక్కకీ జారిపోయి, గడ్డం నేలకానించి పడుంది.

"లేవక ఎన్ని దినాలాయె?"

"ఇరవై దినాలాయె పడుకుంట లేసుకుంట. నాలుగు రోజుల సంది ఆ లేసుడు సుత లేదు. ముసలిదైపోయింది. నీకెందుకు గని..."

"బండలు ఎప్పుడేసిండ్రు?"

వంటింట్లోంచి తిరుమల్ భార్య భవాని వచ్చింది. అంత ఏడుపులోనూ బండల మాట వినేసరికి ఆమె మెడ నిటారుగా నిలబడింది. "నెలాయె. దినాం రెండుసార్లు తుడుస్త. ఏం?"

"గోనెసంచులున్నయా బిడ్డా?"

"మట్టి ఎత్తనీకా?"

"తే."

చెప్పులు విడిచి ఆయన నేరుగా మోతీ పక్కన చతికిలబడ్డాడు.

"ఏయ్, ముట్టకు!" తిరుమల్ గొంతు లేచింది. "అది డాక్టరు చూస్కుంటడు. నీ పని వేరే."

ఆయన వినిపించుకోలేదు. ముందు చేయి వాసన చూపించాడు. తర్వాత తుంటి నుంచి మోకాలి దాకా మెల్లగా ఒత్తాడు. మోతీ ఒక్కసారి గుర్రుమంది. మరుక్షణం ఆ చేతినే నాకింది.

"గోర్లు జూడు, ఎంత పెరిగినయో. పాదం బండకు ఆనుతనే లేదు. కీళ్ళు బిగుసుకున్నయి, నిజమే. కానీ ఇది లేవలేక పడుంటలేదు. జారి పడ్తనని భయపడుతుంది."

సంచిలోంచి కట్టరు తీసి టక్ టక్‌మని గోళ్ళు కత్తిరించాడు. పాదాల మధ్య పెరిగిన బొచ్చు తీసేశాడు.

మోతీని కడసారి చూద్దామని పైవాటా విమలమ్మ అప్పుడే దిగొచ్చింది. ఆ చేతివాటం చూసి ముక్కున వేలేసుకుంది. "గొర్లు గాసినవా అన్నా?"

"కాసిన. చిన్నప్పుడు."

వేడినీళ్ళలో పిండిన తువ్వాల అడిగాడు. చెంప ఓర్చుకునేంత వేడి చాలన్నాడు. దాన్ని తుంటి మీద కప్పి పావుగంట కదలకుండా పట్టుకున్నాడు. ఈలోగా భవాని హాలు నుంచి పెరటి దాకా గోనెసంచులు పరిచింది.

"ఇంకో తువ్వాల పొట్ట కిందికెల్లి తియ్యి. మెడ వట్టి గుంజొద్దు. నడుము మాత్రం మొయ్యి."

తిరుమల్ తువ్వాల రెండు కొసలూ పట్టుకుని మోశాడు.

ముందు కాళ్ళు లేచాయి. వెనక కాళ్ళు గోనెను పట్టుకున్నాయి.

"లేస్తుంది! వదినా, లేస్తుందే!" విమలమ్మ అరిచింది.

ఒక అడుగు. ఆగింది. ఇంకో అడుగు.

గడప దాటింది. పెరట్లోకి దిగింది. ఎండ ఒంటికి తగలగానే తోక ఊగింది. గోడ మీది ఉడతను చూసి, ఇరవై రోజుల బాకీ తీర్చుకున్నట్టు, భౌ అంది!

తిరుమల్ వేసిన ఈల రైలుకూతలా సందంతా పాకింది. పక్క డాబాల మీద తలలు లేచాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. యాభై మూడేళ్ళ వయసు మరిచిపోయి తిరుమల్ పెరట్లో గంతులేశాడు.

"బొంతలు తెస్త, పాత చీరలు తెస్త!" భవాని లోపలికి పరుగెత్తింది. "ఈ పాడు గ్రానైటు కానరాకుండ కప్పేస్త!"

ఆ గోలలోనే ఆయన నాలుగు మాటలు చెప్పాడు. "తిండి గిన్నె కింద పీట పెట్టు, మెడ వంచలేదు. జెర బరువు తగ్గాలె. పొద్దుమాపు కాపడం. మనుషుల నొప్పి గోలీలు మాత్రం వెయ్యకు. వారానికి క్లినిక్‌కు తీస్కరా."

"మరి గుంత?" విమలమ్మ నవ్వింది.

"గుంత లేదు గింత లేదు!" తిరుమల్ ఆయన భుజం మీద చరిచాడు. "ఇయ్యాల నీ పని పోయింది పెద్దమనిషీ, ఇగ నడువు!"

"మంచిదే," అన్నాడాయన. వచ్చాక మొదటిసారి నవ్వాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

పావుగంటకు మళ్ళీ గేటు చప్పుడు. భుజాన గడ్డపారతో ఒక కుర్ర మనిషి. "లేటైంది సార్. మేస్త్రీ పంపిండు. గుంత ఏడ తవ్వాలె?"

తిరుమల్ నవ్వు ఆగిపోయింది. "మరి పొద్దున మీ పెద్దమనిషి ఒచ్చిపోయె గదా?"

"ఎవరూ రాలే సార్. నేనొక్కన్నే."

భవాని, తిరుమల్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఆ సూదన్నా వద్దని చెప్పాలి. తిరుమల్ ఫోన్ తీసి క్లినిక్‌కు కలిపాడు.

"హలో, ప్రిసిల్లా మేడమ్, చిలకలగూడ నుంచి. మోతీ లేచి నడుస్తుంది! డాక్టర్‌ను రావద్దని చెప్పండి, జెర."

అవతల ఆమె మెల్లగా అంది:

"సార్, డాక్టర్ గారు మీ ఇంటికెల్లి ఇప్పుడే వచ్చిండ్రు, సూది మందు మల్లా ఫ్రిజ్‌ల పెట్టి, పొద్దటి సంది ఎవరూ మంచినీళ్ళు సుత అడగలేదని నవ్వుకుంట చాయ్ తాగుతున్నరు, ఫోన్ ఇయ్యమంటరా?"