కంచె మీద కోటు

వాన వెలిసింది గానీ మైదానం మాత్రం బురదగుంటే.

పుట్టి రెండేళ్లు తిరక్కుండానే మా బ్రెన్నర్ ఊరి బేస్‌బాల్ జట్టుకి నూరేళ్లు నిండాయి. అమెరికాలో, మా అయోవా రాష్ట్రంలో ఇంటింటికీ టీవీ వచ్చాక మమ్మల్ని చూసే దిక్కేది? ఆ రోజుదే చివరి ఆట.

"ఆట జరక్కపోతే నా గతేంటి గురూగారూ?" అన్నాడు లైల్. జట్టులో బంతి విసిరేది అతనే.

మేనేజరు ఆర్విల్ నిట్టూర్చాడు. పెద్ద లీగుకి ఆటగాళ్లని ఏరే మనిషొకాయన లైల్‌ని చూడ్డానికి ఇవాళ వస్తానని జవాబు రాశాడు. ఆయనకి నచ్చకపోతే సోమవారం నుంచి లైల్ పందిమాంసం ఫ్యాక్టరీలో కత్తి పట్టాలి.

"బురద మీద పెట్రోలు పోసి కాల్చండి. ఆరుతుంది."

ఎవరా అని చూస్తే కంచె దగ్గర ఓ ముసలాయన. ఊరివాడు కాదు.

"కాల్చడం మాకూ తెలుసు. కాల్చాక మట్టి ఎవరు గుల్లచేస్తారు? నడుం పడిపోయిందిక్కడ," అన్నాడు ఆర్విల్.

ముసలాయన కోటు విప్పి కంచెకి తగిలించాడు. దంతె అందుకున్నాడు.

మంట లేచింది, ఆరింది. ఆ పొగలో మధ్యాహ్నం దాకా ఆయన మట్టి గుల్లచేస్తూనే ఉన్నాడు.

"తాతకి ఇంట్లో పని చెప్పేవాళ్లు లేరు కాబోలు," అని నవ్వాడు లైల్.

ఆట వేళకి ఆయన వచ్చి మొదటి వరసలో నడి కుర్చీలో కూలబడ్డాడు.

"లే తాతా. అది పెద్దమనిషి కోసం ఉంచింది. బురద అంటిస్తావా?" అన్నాడు లైల్.

"మరెక్కడ కూర్చోమంటావు?"

"ఆ చివర చెక్కబల్లలున్నాయిగా."

ఆయన లేచి అటు వెళ్లాడు.

లైల్ చూపంతా ఆ కుర్చీ మీదే. ఎవరూ రాలేదు. తొమ్మిది ఇన్నింగ్స్‌లో రెండోదానికే చెయ్యి దించేశాడు. బంతులు చిన్నపిల్లలకి వేసినట్టు వేశాడు.

విరామంలో ముసలాయన దిగొచ్చాడు.

"ఉన్నవాళ్ల కోసం వెయ్యి నాయనా."

"ఉన్నదెవరు? నువ్వూ, నీ బురదా. పోయి కూర్చో."

పదకొండుకి రెండు పరుగులే చేసి ఓడిపోయారు. ఉన్న నలుగురు జనం ఇళ్లకి పోయారు. ముసలాయన ఐదింటి బస్సెక్కేశాడు.

లైల్ బూట్లు విప్పుకుంటూ కూర్చున్నాడు. ఏడుద్దామన్నా ఓపిక లేదు.

"ముసలాయన కోటు మర్చిపోయాడు," అన్నాడు ఆర్విల్. "జేబులో పేరేదన్నా ఉందేమో చూడు, పోస్టులో పంపుదాం. పాపం, ఒళ్లొంచి పనిచేశాడు."

లైల్ ఆ కోటు జేబులోంచి మడత పెట్టిన ఉత్తరం తీసి విప్పాడు. చూసి ఆర్విల్ చేతికిచ్చాడు.

"అయ్యా, ఒక్కసారి వచ్చి మా లైల్ ఆట చూడండి" అని కిందటి నెల పెద్ద లీగు మనిషికి ఆర్విల్ తన చేత్తో రాసిన ఉత్తరమే అది.